మార్టూరు దగ్గర ఆగిన చుక్క

3 అక్టోబరు 2008, శుక్రవారం

కొత్త లారీకి పెట్టె బిగించారు. బ్రాడీపేటలో కొట్టు పెట్టుకున్న ఇంజనీరు శివరామకృష్ణ వచ్చి, డ్యాష్‌బోర్డు విప్పి మూడు గంటలు తంటాలు పడ్డాడు. చూస్తే సబ్బుపెట్టెంత ఉంది, అంతే. మూత తీసి లోపల చూపించాడు. తపాలా బిళ్లంత తెల్లటి లోహపు ముక్క, పక్కన సెల్లులో వేసుకునే సిమ్ము. ఆ ముక్కే ఆకాశంలో ఉపగ్రహాలు చెప్పేది విని లారీ ఎక్కడుందో తెలుసుకుంటుందట. మళ్ళీ ఆ ముక్కే సెల్లు టవర్ల మీదుగా మన కంప్యూటరుకి కబురు పెడుతుందట. రెండు పనులూ ఒక్కదాని నెత్తినే వేశారా పాపం, మా ఇళ్లలో ఆడవాళ్లలాగా, అనబోయి ఊరుకున్నాను. మా ఆయన పక్కనే ఉన్నారు.

పెట్టెకో తీగ, తీగ చివర నల్లటి బిళ్ల. దాన్ని అద్దం కింద, దేవుడి పటాల పక్కన అంటించాడు. అది ఎప్పుడూ ఆకాశాన్ని చూస్తూ ఉండాలట. నాకేం నచ్చలేదు. దేవుడి ముందు బొద్దింక చచ్చి పడున్నట్టు ఉంది.

పెట్టె లేని లారీకి లోడు ఇచ్చేది లేదని మద్రాసు పార్టీ అన్న మాట నిజమే. కానీ ఆయన పెట్టించింది నా కోసం. నిరుడు కావలి దగ్గర మా డ్రైవరు ఏసోబు లారీ పల్టీ కొట్టినప్పుడు వాడి చేతిలో మోగుతున్న ఫోన్ నేను చేసిందే. ఎక్కడున్నావని అడగడానికి చేశాను. ఏసోబు బతికాడు. కాలు వంకర పోయింది. ఇప్పుడు మిర్చి యార్డు గేటు దగ్గర బడ్డీకొట్టు పెట్టుకున్నాడు. దారిలో ఉన్న డ్రైవరుకి ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యనని ఆయన నా చేత పాప మీద ఒట్టు వేయించుకున్నారు.

ఇక ఫోన్ అక్కర్లేదు. కంప్యూటరు తెర మీద లారీ ఉన్నచోట కనపడే చుక్కని చూసుకుంటే చాలు.

4 అక్టోబరు

చుక్క కదిలింది! లారీ పోతుంటే పచ్చగా, ఆగితే ఎర్రగా. ఐదు నిమిషాలకోసారి తెర తనంతట తానే మారుతుంది. పప్పు మాడింది.

7 అక్టోబరు, మంగళవారం

బుల్లయ్య బాబాయ్ వచ్చాడు. మా మామగారి రోజుల నుంచి ఇరవై రెండేళ్లుగా మా లారీయే తోలుతున్నాడు. మా ఆయనకి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. టార్పాలిన్ పట్టా మూడుచోట్ల చిరిగిందనీ, వానల్లోకి పోతున్నామనీ, కొత్తది కొనమనీ అడిగాడు. ఈ ట్రిప్పు కానియ్, వచ్చాక చూద్దాం అన్నారు ఈయన. ఆ మాట అనడం ఇది మూడోసారి.

పోతూ పోతూ, ఇప్పుడు పెట్టె ఉందిగా, ఇక నేను ఫోన్ చెయ్యక్కర్లేదామ్మా అన్నాడు బాబాయ్ నవ్వుతూ. ఇన్నాళ్లూ ఏ ఊరికి లోడు తీసుకెళ్లినా దిగగానే ఎస్టీడీ బూత్ నుంచి చేసేవాడు, సెల్లు కొన్నాక సెల్లు నుంచి. ఒక్క మాటే. “చేరానమ్మా.” అంతే, పెట్టేసేవాడు. అక్కర్లేదు బాబాయ్, నాకు కనపడుతూనే ఉంటావుగా అన్నాను.

9 అక్టోబరు, దసరా

కొత్త లారీని పెదకాకాని తీసుకెళ్లి పూజ చేయించాం. గుడి ముందు ఎన్ని బండ్లో, మా వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. పూజారి గారు అరచెయ్యంత రాగి యంత్రం రేకు ఇచ్చి, డ్రైవరు కంటికి ఎదురుగా పెట్టించమన్నారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, తిరిగి వచ్చే హడావిడిలో రేకు లారీ సొరుగులోనే ఉండిపోయింది.

కోల్డ్ స్టోరేజీలో లోడు ఎత్తేది మంగళవారం. ఈలోగా పెట్టించాలి.

14 అక్టోబరు, మంగళవారం

మధ్యాహ్నం ఒకటిన్నరకి బయల్దేరింది. మద్రాసు పార్టీకి పూర్తి లోడు, మిర్చి బస్తాలు, యార్డులో టిక్కీలంటారు. కంప్యూటరు ముందే కూర్చున్నాను. చిలకలూరిపేట దాకా చుక్క పచ్చగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, రేకు పెట్టించలేదని. పూజ సగంలో ఆపినట్టే కదా ఇది. సగం పూజ లారీని అంత దూరం పంపాను. కావలి మీదుగానే పోవాలి.

మూడూ నలభైకి మార్టూరు దగ్గర చుక్క ఎర్రబడింది. టీకి ఆగి ఉంటాడు. ఆగి ఉన్న డ్రైవరు దారిలో ఉన్నట్టు కాదు. ఒట్టు తప్పినట్టూ కాదు. చేశాను. ఫోన్ ఎత్తి, ఏంటమ్మా అన్నాడు, గొంతులో కంగారు. రేకు సంగతి చెప్పాను. సొరుగులోనే ఉంది, ఇప్పుడే పెడతానన్నాడు. పనిలో పనిగా ఆ నల్లబిళ్ల కనపడకుండా దాని మీదే అంటించమన్నాను. అట్టాగేనమ్మా అన్నాడు.

ప్రాణం కుదుటపడింది.

అదే రోజు, సాయంత్రం ఆరు

చుక్క ఇంకా మార్టూరులోనే ఉంది. ఎర్రగా.

టైరు పంక్చరేమో. రెండోసారి ఫోన్ చెయ్యడం మాత్రం ఒట్టు తప్పడమే. చెయ్యను.

అదే రోజు, ఏడున్నర

ఆయన వచ్చి తెర చూశారు. మార్టూరంటే బుల్లయ్య కూతుర్ని ఇచ్చిన ఊరు. ఓహో అదా సంగతి, దిగి కూర్చున్నాడన్నమాట అన్నారు. ఒకసారి ఫోన్ చేశారు, స్విచ్చాఫ్. ఏసోబు దెబ్బ తిన్నప్పటి నుంచి బాబాయ్ బండి కదిలితే ఫోన్ ఆపేస్తాడు, ఆ సంగతి ఈయనకీ తెలుసు. చిలకలూరిపేట వైపు జోరుగా వాన పడుతోందని ఎవరో చెప్పారట.

దిగి కూర్చునే మనిషి కాదు బాబాయ్. మరి చుక్క?

15 అక్టోబరు, బుధవారం

పొద్దున లేచి చూస్తే చుక్క తమిళనాడు చెక్‌పోస్టు దగ్గరుంది! రాత్రంతా మార్టూరులో ఉన్నది, నాలుగున్నరకి ఒక్క అంగలో అక్కడికి పోయింది. ఎలా పోతే ఏం. పోయింది, క్షేమంగా ఉన్నాడు. కాఫీ తాగాను.

పదింటికి ఫోన్ మోగింది. బాబాయేమోనని పరుగెత్తాను. ఎవరో రాంగ్ నంబరు. నేనే కదా చెయ్యక్కర్లేదన్నది.

16 అక్టోబరు, గురువారం

లోడు తడిసింది. పై మూడు వరుసల టిక్కీలు నానిపోయి, కాయ నల్లబడుతోందట. పార్టీ దింపుకోనంటోంది. లారీ పన్నెండు గంటలు ఎందుకు ఆగిందో చెప్పమని వాళ్ల మేనేజరు ఈయన్ని నిలదీశాడు. వాళ్ల కంప్యూటర్లోనూ మన చుక్క కనపడుతుందిగా.

రిపోర్టు ప్రింటు తీసి ఇచ్చాను. “మార్టూరు, ఆగిన సమయం 12 గంటల 50 నిమిషాలు.” తీసింది నేనే.

17 అక్టోబరు, శుక్రవారం

ఇది రాయక తప్పదు.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నలుగురైదుగురు లారీ ఓనర్లు ఉన్నారు, మా పక్క ఆఫీసు అల్లాబక్షు గారు కూడా. నేను కాగితాలు పట్టుకుని మూలన నిలబడ్డాను. బాబాయ్ అప్పుడే మద్రాసు నుంచి దిగి తిన్నగా వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

“మార్టూరులో ఆగావా లేదా?” అన్నారు ఈయన.

“ఆగాను బాబూ. పది నిమిషాలు. టీ తాగాను.”

“పెట్టె పన్నెండు గంటలంటోంది.”

“పెట్టె సంగతి నాకు తెలవదు. వాన గూడూరు దాటాక పట్టుకుంది. చెక్‌పోస్టు కాడ మూడు గంటలు లైన్లో తడిశాం. పట్టా సంగతి మీకు తెలుసు.”

పట్టా మాట వినగానే ఈయన మొహం ఎర్రబడింది. వానలో లోడు వదిలేసి కూతురింట్లో పడుకుని, పట్టా మీదకి నెడతావా అన్నారు. అంత మాట ఆ మనిషిని ఎవరూ అనగా నేను వినలేదు. మిషనుకి అబద్ధం చెప్పాల్సిన పనేముందిలే అన్నారు అల్లాబక్షు గారు. మిగతావాళ్లు తలలూపారు.

బాబాయ్ నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత నేల చూశాడు. ఫోన్ సంగతి చెప్పలేదు. ఎందుకు ఆగావు, టీ తాగి ఏం చేశావు అని అడుగుతూనే ఉన్నారు, చెప్పలేదు. తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నా ఫోనుకీ దీనికీ సంబంధం ఏముంది. అప్పటికే ఆగి ఉన్నాడు. సంబంధం లేదు.

18 అక్టోబరు

సంబంధం లేదు.

లారీ పోయిన దారిని పెట్టె మ్యాపులో ఎర్రగీతగా గీస్తుంది. ఇవాళ తెరిచి చూశాను. గుంటూరు నుంచి మార్టూరు దాకా రోడ్డు వెంట వంకర టింకరగా ఉంది. మార్టూరు నుంచి చెక్‌పోస్టుకి మాత్రం తాడు లాగి కట్టినట్టు ఒకటే గీత. ఒకచోట సముద్రంలోంచి పోయింది. ఇంతమంది ఇన్నిసార్లు చూశారు, లారీ సముద్రం మీద ఎలా పోయిందని ఒక్కరూ అడగలేదు. నేనూ ఎవరికీ చూపించలేదు. కంప్యూటరన్నాక ఇలాంటివి ఉంటాయిలే.

20 అక్టోబరు, సోమవారం

ఆయన కొత్త పట్టా కొనుక్కొచ్చారు.

22 అక్టోబరు

పాపకి నోట్‌బుక్కులు కొనడానికి వెళ్లి, యార్డు గేటు దగ్గర ఏసోబు కొట్టు ముందు ఆగాను. బుల్లయ్య మావని ఎవరూ పన్లో పెట్టుకోవట్లేదమ్మా అన్నాడు. ఇప్పుడు అందరూ పెట్టెలు పెట్టిస్తున్నారట, పెట్టె పట్టిచ్చిన డ్రైవరు మాకొద్దంటున్నారట. నిన్న యార్డులో టిక్కీలు మోయడానికి వచ్చాడట. యాభై ఆరేళ్ల మనిషి. రెండు మోసి కూర్చుండిపోయాడట.

ఏసోబు నా చేత ఎప్పుడూ డబ్బులు తీసుకోడు. ఇవాళా తీసుకోలేదు. చాక్లెట్టు పాప చేతిలో పెట్టాడు. కాలు వంకర పోయినవాడు ఈడ్చుకుంటూ లోపలికి పోతుంటే చూడలేకపోయాను.

కాదు, తప్పు రాశాను. నేను కాలు వంకర చేసిన వాడు. అలా రాయాలి.

24 అక్టోబరు, శుక్రవారం

కొత్త డ్రైవరు వస్తాడని లారీ క్యాబిను శుభ్రం చేయడానికి ఎక్కాను. సొరుగులో బాబాయ్ తువ్వాలు ముక్క, ఉతికినది, నాలుగు మడతలు పెట్టి ఉంది. లోపల రాగిరేకు. అద్దం సందులోంచి నీళ్లు కారిన చారికలు డ్యాష్‌బోర్డు నిండా ఉన్నాయి. వాన నీళ్లు దేవుడి మీద పడుతున్నాయని తీసి దాచినట్టున్నాడు.

రేకు నాలుగు అంచులకీ ప్లాస్టరు అతుక్కుని ఉంది. నల్లబిళ్ల చుట్టూ, నాలుగు వైపులా, అదే ప్లాస్టరు మరకలు. రేకుని మళ్ళీ అక్కడ పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. బిళ్ల పూర్తిగా మునిగిపోయింది.

ఎప్పుడూ ఆకాశాన్ని చూస్తూ ఉండాలన్నాడు శివరామకృష్ణ.

ఇంటికొచ్చి 14వ తేదీ పేజీ చదివాను. నా చేతిరాతే. చదవకుండా ఉంటే బాగుండేది.

25 అక్టోబరు

శివరామకృష్ణకి ఫోన్ చెయ్యాలి. ఇవాళ తలనొప్పి.

26 అక్టోబరు

ఆదివారం. కొట్టు ఉండదు.

27 అక్టోబరు, సోమవారం

చేశాను. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నట్టు, ఆ బిళ్ల మీద రాగిరేకు పెడితే ఏమవుతుందండీ అన్నాను. నవ్వాడు. మనిషి నెత్తిన బిందె బోర్లించినట్టేనండి అన్నాడు. ఆకాశం వినపడదు. కానీ సెల్లు తీగ పెట్టె లోపలే వేరే ఉంది కాబట్టి కబుర్లు పంపడం మాత్రం మానదు. చివరిసారి ఎక్కడున్నట్టు తెలిసిందో అక్కడే ఉన్నానని ఐదు నిమిషాలకోసారి చెప్తూనే ఉంటుంది. రేకు తీసిన క్షణంలో ఉన్నచోటు తెలిసి ఒక్కసారిగా అక్కడికి దూకుతుంది.

“మధ్యలో లారీ ఆగినట్టు చూపిస్తుందా?”

“చూపిస్తుందండి. దానికి తెలిసిందే చెప్తుంది పాపం. ఎందుకండీ, ఎవరన్నా పెట్టారా?”

లేదండీ అన్నాను.

28 అక్టోబరు, దీపావళి

పాప మతాబులు కాలుస్తుంటే అరుగు మీద కూర్చున్నాను. చెప్తే ఏమవుతుంది? ఒట్టు తప్పానని తెలుస్తుంది. పాప మీద వేసిన ఒట్టు. ఏసోబు తర్వాత ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. అది మళ్ళీ తట్టుకోలేను. పార్టీకి కట్టాల్సింది కట్టేశాం, లారీ తిరుగుతోంది, కొత్త డ్రైవరు కుదిరాడు. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం?

రెండు టిక్కీలు మోసి కూర్చుండిపోయాడు.

నేను పిరికిదాన్ని. ఇంత భయంతో చేసిన పని ఏదీ ఇంతవరకు మంచికి రాలేదు. ఫోన్ చేసి ఏసోబు కాలు తీశాను. రేకు పెట్టించి బుల్లయ్య పరువు తీశాను.

30 అక్టోబరు, గురువారం

నోటితో చెప్పలేకపోయాను. 3వ తేదీ దగ్గర పేజీ తెరిచి ఈ డైరీయే ఆయన చేతికిచ్చాను. పెళ్లయిన పదకొండేళ్లలో నా డైరీ ఎవరూ ముట్టుకోలేదు. వంటింట్లోకి పోయి బియ్యం ఏరుతూ కూర్చున్నాను, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరాను.

చాలాసేపటికి వచ్చారు. అరుస్తారనుకున్నాను.

“పట్టా సంగతి కూడా రాశావా” అన్నారు.

అంతే అన్నారు. రేకు ఎక్కడుందని అడిగి తీసుకుని బయటికి వెళ్లారు. షెడ్డు దగ్గర లారీ స్టార్టయిన చప్పుడు వినపడింది. కంప్యూటరు ముందుకి పోయి కూర్చున్నాను. చుక్క మా ఇంటి మీద ఎర్రగా ఉంది. పది నిమిషాలు. ఇరవై. నలభై. చుక్క ఇల్లు వదల్లేదు. గంటకి లారీ తిరిగి వచ్చింది. ఈయన నుదుట కుంకుమ, చేతిలో కొబ్బరి చెక్క. రేకు బిళ్ల మీద పెట్టి పెదకాకాని దాకా వెళ్లొచ్చారు.

తెర వంక చూశారు. కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు. చెక్‌పోస్టు దాకా కట్టిన ఆ ఎర్రగీత మళ్ళీ తియ్యమన్నారు. సముద్రం మీద వేలు పెట్టి, ఇది నేను ఆ రోజే చూశాను అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపంతోనో, జాలితోనో తెలియదు.

1 నవంబరు, శనివారం

ఆఫీసుకి వెళ్లాం. అందర్నీ పిలిపించమన్నాను. బుల్లయ్య తలదించుకున్న చోటే నేనూ చెప్పాలి, లేకపోతే చెప్పినట్టు కాదు. ఫోన్ చేసింది నేను, రేకు పెట్టించింది నేను, నల్లబిళ్ల మీదే పెట్టమన్నదీ నేను అని చెప్పాను. ఎవరో నవ్వారు. యంత్రానికి యంత్రం అడ్డమొచ్చిందా అన్నారు. అల్లాబక్షు గారు నవ్వలేదు. ఆ రోజు మిషను అబద్ధం చెప్పదన్నవాణ్ని నేనే కదమ్మా అన్నారు. తర్వాత ఈయన చెప్పారు, పట్టా గురించి. నేను చెప్పమనలేదు.

3 నవంబరు, సోమవారం

ఇద్దరం బాబాయ్ ఇంటికి వెళ్లాం. ఆయన భార్య మాణిక్యమ్మ మంచం వాల్చింది, మంచినీళ్లిచ్చింది. ఈయన అంతా చెప్పి, తాళాలు మంచం మీద పెట్టారు.

బాబాయ్ తాళాలు ముట్టుకోలేదు.

“పెట్టె తప్పేం లేదు బాబూ. దానికి నేనెవరో తెలవదు. మీకు తెలుసుగా.”

నా ఫోన్ సంగతి ఎందుకు చెప్పలేదు బాబాయ్ అని అడిగాను.

“చెప్తే ఇంట్లో మీకు మాటొస్తదని ఊరుకున్నానమ్మా. నాదేముంది, పన్నెండు గంటలు నిజం కాదు గదా, తెల్లారేసరికి తేలిపోద్ది అనుకున్నా.”

తేలడానికి ఇరవై రోజులు పట్టింది. అందులో పది రోజులు నావే.

వచ్చేటప్పుడు మాణిక్యమ్మ తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. కోపంగా కాదు. అది ఇంకా కష్టంగా ఉంది.

6 నవంబరు

అల్లాబక్షు గారు బాబాయ్‌ని పన్లో పెట్టుకున్నారని ఏసోబు చెప్పాడు. ఆయన లారీలకి పెట్టెలు లేవు.

9 నవంబరు

శివరామకృష్ణ వచ్చి నల్లబిళ్లని క్యాబిను పైకప్పు మీదకి మార్చాడు. దేవుడి దగ్గర రేకు అంటించాను, ఈసారి నా చేతులతో. కొత్త డ్రైవరు బుడే ఒంగోలు పోయాడు. చుక్క పచ్చగా ఉంది. చూస్తున్నాను గానీ, దాని మాట నమ్మాలో వద్దో తెలియదు. రేకునీ అలాగే చూస్తున్నాను.

12 నవంబరు, బుధవారం

పొద్దున పాపకి జడ వేస్తుంటే ఫోన్ మోగింది. వెనక లారీల హారన్లు, ఎవరిదో తెలియని భాష.

“చేరానమ్మా.”

ఏ ఊరు బాబాయ్ అని అడిగేలోపే పెట్టేశాడు.

రిసీవరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా లారీ కాదు, మా లోడు కాదు, ఏ తెర మీదా కనపడని చోటు. అయినా చేశాడు. ఎవరమ్మా అని అడిగింది పాప, సగం జడతో.

బుల్లయ్య తాతయ్య, చేరాడట అన్నాను.